గదిలోపల కదిలే వస్తువు ఎక్కడుందో కనిపెట్టడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

పైకప్పు కింద తిరిగే రోబో, ట్రాలీ, చిన్న డ్రోన్ లాంటి వాటి స్థానం తెలుసుకోవాలనుకునే విద్యార్థులకూ, వర్క్‌షాపుల వాళ్లకూ ఈ పేజీ. గది అంటే ఇక్కడ నాలుగు మీటర్ల ల్యాబ్ నుంచి పెద్ద గోడౌన్ దాకా ఏదైనా కావచ్చు. ఎక్కువ మంది అడిగేది చిన్న గదుల గురించే కాబట్టి వాటికే ఎక్కువ చోటిచ్చాం.

సెన్సర్ కొనే ముందు ఏం తేల్చుకోవాలి?

కాగితం మీద ఆరు విషయాలు రాయండి. గది పొడవు, వెడల్పు, ఎత్తు. ఎంత తప్పు వచ్చినా పని ఆగదు. సెకనుకు ఎన్నిసార్లు స్థానం తెలియాలి. ఒకేసారి ఎన్ని వస్తువులు తిరుగుతాయి. అది ఎటు తిరిగి ఉందో కూడా కావాలా. మధ్యలో మనుషులు, ఇనప ర్యాకులు, గాజు తలుపులు అడ్డొస్తాయా.

వీటిలో రెండోదాన్నే చాలామంది దాటవేస్తారు. "వీలైనంత కచ్చితంగా" అని రాస్తే ఏ పద్ధతీ తేలదు. ట్రాలీ ఏ వరుసలో ఉందో తెలిస్తే చాలనుకుంటే మీటరున్నర తప్పు వచ్చినా నష్టం లేదు. రోబో వెళ్లి ఛార్జింగ్ పిన్నుల మీద సరిగ్గా ఆగాలంటే ఒక సెంటీమీటరు కూడా ఎక్కువే. పనికి కావలసిన కచ్చితత్వంలో మూడో వంతు తప్పుతో కొలిచే సెన్సర్ తీసుకుంటే మిగతా పొరపాట్లకు చోటుంటుంది. 10 సెం.మీ. లోపల ఆగాలంటే 3 సెం.మీ. తప్పుతో కొలిచేది వెతకాలి.

మా గది 6×4 మీటర్లు, రోబోలు రెండో మూడో. సూటిగా ఒక్కటి చెప్పండి.

సీలింగ్‌కు ఒక కెమెరా, రోబో నెత్తి మీద కాగితంపై ముద్రించిన నలుపు-తెలుపు గళ్ల ట్యాగ్. ఖర్చు తక్కువ. కాలం గడిచేకొద్దీ తప్పు పేరుకుపోదు. రోబో ఎటు తిరిగి ఉందో కూడా అదే చెబుతుంది. చాలామంది ఇంటర్నెట్‌లో చూసి ముందే యూడబ్ల్యూబీ (అల్ట్రా వైడ్‌బ్యాండ్, రేడియో తరంగాలతో దూరం కొలిచే పద్ధతి) కిట్ కొనేస్తారు. ఇంత చిన్న గదిలో దానితో వచ్చే ఫలితం రెండు మూడు వేల రూపాయల వెబ్‌క్యామ్ ఇచ్చేదానికంటే నాసిగానే ఉంటుంది. కెమెరా కుదరని చోట్లు కూడా ఉన్నాయి: సీలింగ్ మరీ కిందికి ఉన్నప్పుడు, వస్తువు బల్లల కిందికి దూరేటప్పుడు, చీకట్లో పనిచేయాల్సినప్పుడు, గది మరీ పెద్దదైనప్పుడు. అప్పుడు కింది ప్రశ్నలకు వెళ్లండి.

ఫోన్లో ఇంట్లో కూర్చున్నా చుక్క కనబడుతుంది కదా, జీపీఎస్ ఎందుకు వద్దంటున్నారు?

ఉపగ్రహం నుంచి నేలకు చేరే సిగ్నలే అతి బలహీనం. కాంక్రీట్ స్లాబు దాటేసరికి దాదాపు ఏమీ మిగలదు. కిటికీలోంచి లోపలికి వచ్చేది ఎదురింటి గోడకు తగిలి తిరిగి వచ్చిన సిగ్నల్, కాబట్టి దూరం తప్పుగా లెక్కకొస్తుంది. ఫోన్ ఇంట్లో చూపే చుక్క ఎక్కువగా చుట్టుపక్కల వైఫై రూటర్లను బట్టి వేసిన అంచనా. ఆరుబయటే ఫోన్ జీపీఎస్ తప్పు 5 మీటర్ల దాకా ఉంటుంది. మీ గదే 6 మీటర్లు.

యాక్సిలరోమీటర్ రీడింగులను రెండుసార్లు ఇంటిగ్రేట్ చేస్తే దూరం వస్తుంది కదా?

పుస్తకంలో వస్తుంది. ఎంపీయూ6050 లాంటి చవక చిప్‌లో చిన్న ఆఫ్‌సెట్ ఎప్పుడూ మిగులుతుంది. బాగా కాలిబ్రేట్ చేశాక కూడా అది గురుత్వంలో నూరో వంతు, అంటే సెకనుకు సెకనుకు 0.1 మీటరు ఉందనుకుందాం. 10 సెకన్లు కదలకుండా పెట్టినా లెక్కలో 5 మీటర్లు జరిగిపోతుంది. 20 సెకన్లకు 20 మీటర్లు. చిప్ అర డిగ్రీ వంగినా గురుత్వంలో కొంత భాగం పక్కకు వచ్చి ఇంతే తప్పు తెస్తుంది. ఐఎంయూను (యాక్సిలరోమీటర్, తిరిగే వేగం కొలిచే జైరో కలిసి ఉన్న ఇలాంటి చిప్‌ను) పక్కన పెట్టనక్కర్లేదు. తిరిగిన కోణం తెలుసుకోవడానికి, రెండు స్థాన రీడింగుల మధ్య ఖాళీ పూరించడానికి అది మంచి తోడు. స్థానం కోసం దాని ఒక్కదాన్నే నమ్మకూడదు.

చక్రం ఎంత తిరిగిందో లెక్కించే ఎన్‌కోడర్లు చాలవా?

కొద్ది దూరానికి చాలు. ఆ తర్వాత దిశే దెబ్బతీస్తుంది. 65 మి.మీ. పసుపు చక్రాల బీవో మోటార్ (చవక ప్లాస్టిక్ గేరు మోటార్) బండి తీసుకోండి. ఒక చక్రం రెండోదానికంటే 0.5 శాతం పెద్దదైతే 10 మీటర్ల తర్వాత రెండు వైపుల మధ్య తేడా 5 సెం.మీ. చక్రాల మధ్య దూరం 15 సెం.మీ. అయితే దిశ దాదాపు 19 డిగ్రీలు తప్పుతుంది. రబ్బరు కొంచెం అరిగినా, ఒక పక్క బ్యాటరీ బరువు ఎక్కువైనా ఈ 0.5 శాతం వచ్చేస్తుంది. నున్నటి విట్రిఫైడ్ టైల్స్ మీద దుమ్ముంటే చక్రం జారడం అదనం.

ఈ తప్పును తగ్గించడానికి మిషిగన్ విశ్వవిద్యాలయంలో బొరెన్‌స్టైన్, ఫెంగ్ రూపొందించిన యూఎంబీమార్క్ పరీక్ష ఇప్పటికీ పనికొస్తుంది. 4 మీటర్ల చతురస్రం మీద రోబోను సవ్యంగా ఐదుసార్లు, అపసవ్యంగా ఐదుసార్లు తిప్పి, ప్రతిసారీ మొదటి చోటికి ఎంత తేడాతో వచ్చిందో కొలవాలి. రెండు దిశల తేడాలు పోల్చితే చక్రాల వ్యాసాల తేడా ఎంతో, చక్రాల మధ్య దూరాన్ని ఎంత తప్పుగా తీసుకున్నామో విడివిడిగా తెలుస్తాయి. ఒక్క దిశలోనే తిప్పితే ఈ రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేసుకుని అంతా బాగున్నట్టు కనిపించవచ్చు.

కెమెరా పద్ధతికి ఏమేం కావాలి, ఎలా బిగించాలి?

ఫోకస్‌ను, ఎక్స్‌పోజర్‌ను చేత్తో పెట్టగలిగే యూఎస్‌బీ కెమెరా, ల్యాప్‌టాప్ లేదా రాస్ప్‌బెర్రీ పై (చిన్న ఒకే బోర్డు కంప్యూటర్), ఓపెన్‌సీవీ (చిత్రాలను విశ్లేషించే ఉచిత లైబ్రరీ). ట్యాగ్‌లకు ఏప్రిల్‌ట్యాగ్ లేదా ఆరూకో అనే గుర్తుల వ్యవస్థ. ఏప్రిల్‌ట్యాగ్‌లో 36హెచ్11 కుటుంబం తీసుకోండి. అందులో 587 వేర్వేరు ట్యాగ్‌లున్నాయి, లేనిచోట ఉన్నట్టు చూపడం చాలా అరుదు. 16హెచ్5 చిన్నదని మోజుపడితే టైల్స్ గీతల్లో కూడా ట్యాగ్‌లు కనబడతాయి.

కెమెరా ఎంత నేలను చూస్తుందో ముందే లెక్క వేయండి. 2.8 మీటర్ల ఎత్తు నుంచి 60 డిగ్రీల అడ్డ కోణంతో చూస్తే నేల మీద 3.2 మీటర్ల వెడల్పు పడుతుంది. 16:9 చిత్రమైతే రెండో వైపు 1.8 మీటర్లే. 1280 పిక్సెళ్ల వెడల్పుకు పిక్సెల్ ఒక్కటి 2.5 మి.మీ., కాబట్టి 10 సెం.మీ. ట్యాగ్ 40 పిక్సెళ్లలో కనబడుతుంది. 30 కంటే తగ్గనివ్వకండి. 90 డిగ్రీల లెన్స్ పెడితే 5.6×3.1 మీటర్లు కనబడుతుంది కానీ పిక్సెల్ 4.4 మి.మీ. అవుతుంది. అప్పుడు ట్యాగ్‌ను 15 సెం.మీ.కు పెంచాలి, లేదా 1920 పిక్సెళ్ల కెమెరా వాడాలి. అప్పటికీ 6×4 గది పూర్తిగా ఒక్క కెమెరాలో పడదు. గోడల పక్కన అర మీటరు వదిలేయడమో, రెండో కెమెరా పెట్టడమో చేయాలి. రెండు కెమెరాలు చూసే చోట్లు కనీసం ఒక ట్యాగ్ వెడల్పు మేర ఒకదానిమీదొకటి రావాలి.

తర్వాతి వరుస ఇది. ఆటోఫోకస్ ఆపండి. ఫోకస్ మారితే లెన్స్ కొలతలు మారతాయి, చేసిన కాలిబ్రేషన్ వృథా. చదరంగపు గళ్ల బోర్డును గట్టి అట్టకు అంటించి, రకరకాల వంపుల్లో, ముఖ్యంగా చిత్రం అంచుల్లో వచ్చేలా 20 నుంచి 30 ఫొటోలు తీసి లెన్స్ వంకరలు సరిచేయండి. సగటు తప్పు అర పిక్సెల్ దాటితే మళ్లీ తీయాలి. ఆ తర్వాత కెమెరాను సీలింగ్‌కు బిగించి, నేల మీద కొలిచిన నాలుగు బిందువులను చిత్రంలోని బిందువులతో జతచేసి హోమోగ్రఫీ (చిత్రంలోని చోటును నేల మీది చోటుగా మార్చే సూత్రం) లెక్కించండి. ఫ్యాన్ రాడ్డుకు మాత్రం కెమెరా కట్టకండి. తిరిగేటప్పుడు వచ్చే ఆ కొద్దిపాటి వణుకే నేల మీద సెంటీమీటర్లవుతుంది.

గది మధ్యలో సరిగ్గానే వస్తోంది, అంచుల్లో మాత్రం 8–10 సెం.మీ. తేడా. లెన్స్ తప్పా?

లెన్స్ కంటే ముందు ట్యాగ్ ఎత్తు చూడండి. నేల మీది బిందువులతో హోమోగ్రఫీ చేశారు, ట్యాగ్ రోబో మీద 15 సెం.మీ. పైన ఉంది. కెమెరా కిందికి సరిగ్గా వచ్చినప్పుడు ఇది తెలియదు. పక్కకు 1.5 మీటర్లు జరిగితే కెమెరా ట్యాగ్‌ను ఏటవాలుగా చూస్తుంది. ఆ చూపు ట్యాగ్ దాటి నేలను తాకే చోటు 8.5 సెం.మీ. అవతల ఉంటుంది. లెక్క: 0.15 × 1.5 ÷ 2.65.

దీనికి మందు తేలికే. కాలిబ్రేషన్ బిందువులను నేల మీద కాకుండా ట్యాగ్ ఎత్తులోనే పెట్టాలి. ఒకే ఎత్తున్న నాలుగు డబ్బాలు తీసుకుని, వాటి మీద గుర్తులు అంటించి, దారానికి గుండు కట్టి వాటి స్థానం నేల మీదికి దించి కొలవండి. రోబోల ఎత్తులు వేర్వేరైతే ఒక్కో ట్యాగ్ నంబరుకు దాని ఎత్తు రాసి పెట్టుకుని సవరించాలి.

రోబో వేగంగా వెళ్తే ట్యాగ్ మాయమవుతోంది. ఎందుకు?

ఎక్స్‌పోజర్ ఎక్కువై చిత్రం చెదురుతోంది. ఆటోలో వదిలిన వెబ్‌క్యామ్ గదిలో సెకనులో ముప్ఫయ్యో వంతు దాకా షట్టర్ తెరిచి ఉంచుతుంది. సెకనుకు అర మీటరు వేగంతో వెళ్లే రోబో ఆ లోపు 17 మి.మీ. జరుగుతుంది, అంటే పై లెక్కలో 7 పిక్సెళ్లు. 10 సెం.మీ. ట్యాగ్‌లో ఒక్కో గడి 12.5 మి.మీ., 5 పిక్సెళ్లే. గడి కంటే చెదురు పెద్దదైతే తెలుపు, నలుపు కలిసిపోతాయి.

ఎక్స్‌పోజర్‌ను మరీ తగ్గించినా చిక్కే. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చవక ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. 1/200 సెకను పెడితే కొన్ని ఫ్రేములు వెలుగ్గా, కొన్ని చీకటిగా, మధ్యలో అడ్డచారలతో వస్తాయి. 1/100 దగ్గర పెడితే ప్రతి ఫ్రేములోనూ ఒక పూర్తి మిణుకు పడుతుంది, చెదురు 2 పిక్సెళ్లకు దిగుతుంది. వెలుతురు చాలకపోతే గెయిన్ (కెమెరా చిత్రాన్ని ఎలక్ట్రానిక్‌గా వెలుగు చేసే సెట్టింగ్) పెంచడం కంటే ఇంకో ట్యూబ్‌లైటు వేయడం మేలు. ఇంకా వేగం కావాలంటే మిణుకు లేని డీసీ ఎల్‌ఈడీ స్ట్రిప్పులు వేసి 1/500కు దించవచ్చు. అప్పటికీ ట్యాగ్ వంకరగా కనబడితే అది రోలింగ్ షట్టర్ పని, అంటే కెమెరా చిత్రాన్ని ఒకేసారి కాక వరుస తర్వాత వరుసగా తీయడం. రాస్ప్‌బెర్రీ పై గ్లోబల్ షట్టర్ కెమెరా ఆ తేడాను పూర్తిగా తీసేస్తుంది.

ట్యాగ్‌లు ఎక్కడ, ఎలా ప్రింట్ చేయించాలి?

జిరాక్స్ షాపులో మామూలు లేజర్ ప్రింట్ చాలు. "పేజీకి సరిపోయేలా" అనే సెట్టింగ్ తీసేయమని చెప్పండి. లేకపోతే 10 సెం.మీ. ట్యాగ్ 9.6 అయి వస్తుంది. ట్యాగ్ పరిమాణం బట్టి దూరం లెక్కించే ప్రోగ్రాముల్లో అది నేరుగా 4 శాతం తప్పు. వచ్చాక నల్ల అంచు నుంచి నల్ల అంచుకు స్కేలుతో కొలిచి, కొలిచిన సంఖ్యనే ప్రోగ్రాములో పెట్టండి. లామినేషన్ వద్దు, ఫ్లెక్స్ వద్దు. రెండూ మెరిసి, లైటు పడ్డ చోట తెల్ల మచ్చ చేస్తాయి. సన్‌బోర్డు మీద అంటించి, చుట్టూ కనీసం ఒక గడి వెడల్పు తెలుపు వదలండి. నల్ల రోబో మీద ఆ తెల్ల అంచు కత్తిరించేస్తే ట్యాగ్ దొరకదు. తరచూ కనిపించే పొరపాటు ఇదే.

యూడబ్ల్యూబీకి 10 సెం.మీ. కచ్చితత్వం అని రాస్తారు. మాకు అర మీటరు తేడా ఎందుకు వస్తోంది?

ఆ 10 సెం.మీ. ట్యాగ్‌కూ (ఇక్కడ వస్తువు మీది రేడియో బోర్డు) యాంకర్‌కూ (గదిలో ఒకచోట బిగించిన బోర్డు) మధ్య ఏ అడ్డూ లేనప్పటి మాట. యూడబ్ల్యూబీ రేడియో తరంగం ప్రయాణించిన కాలాన్ని కొలుస్తుంది. ఒక నానోసెకనుకు వెలుగు 30 సెం.మీ. వెళ్తుంది కాబట్టి చిన్న పొరపాటుకే పెద్ద తేడా. సాధారణంగా కారణాలు మూడు.

మొదటిది మనిషి. ఒంట్లో నీరు ఎక్కువ, ఆ తరంగాన్ని పీల్చేస్తుంది. నేరుగా వచ్చే సిగ్నల్ బలహీనమై, గోడకు తగిలి వచ్చినదాన్ని రిసీవర్ మొదటిదిగా తీసుకుంటుంది. ఈ తప్పు ఎప్పుడూ దూరాన్ని పెంచుతుందే తప్ప తగ్గించదు. అందుకే సగటు తీసినా పోదు. యూడబ్ల్యూబీ బోర్డుల్లో వాడే డీడబ్ల్యూ1000 చిప్ ప్రతి సందేశానికీ మొత్తం సిగ్నల్ బలం, మొదటి దారి బలం రెండూ ఇస్తుంది. వాటి తేడా 6 డీబీ (డెసిబెల్) లోపుంటే దారి తెరిచి ఉన్నట్టు, 10 డీబీ దాటితే అడ్డం ఉన్నట్టు లెక్క. 10 దాటిన రీడింగును పారేయడమో, దాని మీద నమ్మకం తగ్గించడమో చేయండి.

రెండోది యాంటెన్నా డిలే. చిప్ నుంచి యాంటెన్నా దాకా పట్టే కాలం ఒక్కో బోర్డుకు కొంచెం వేరు. కాలిబ్రేట్ చేయకపోతే ప్రతి దూరానికీ ఒకే మొత్తం అదనంగా కలుస్తుంది.

మూడోది గడియారాలు. ఒకే ఒక్క రాకపోకతో దూరం కొలిస్తే రెండు బోర్డుల క్రిస్టళ్ల తేడా నేరుగా ఫలితంలోకి వస్తుంది. తేడా 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు), జవాబివ్వడానికి పట్టే కాలం 300 మైక్రోసెకన్లు అయితే తప్పు 3 నానోసెకన్లు, అంటే 90 సెం.మీ. లైబ్రరీలో రెండు రాకపోకలతో కొలిచే పద్ధతి ఉంటే అదే పెట్టుకోండి, ఈ తప్పు దాదాపు మాయమవుతుంది.

యాంటెన్నా డిలే సరిచేయడం ఎలా?

రెండు బోర్డులను స్టూళ్ల మీద ఒకే ఎత్తులో, యాంటెన్నాలు నిలువుగా, సరిగ్గా 5 మీటర్ల దూరంలో పెట్టండి. గోడలకూ ఇనుముకూ దూరంగా ఉండాలి, మీరూ పక్కకు రావాలి. 500 రీడింగులు తీసుకుని మధ్యస్థ విలువ చూడండి. 5.235 వచ్చిందనుకుంటే 23.5 సెం.మీ. ఎక్కువ. డీడబ్ల్యూ1000లో ఒక కౌంటు సుమారు 15.65 పికోసెకన్లు, అంటే 4.7 మి.మీ. ఒక బోర్డులో పంపే డిలే, అందుకునే డిలే రెండింటినీ 50 కౌంట్లు పెంచితే దూరం 5 మీటర్లకు వస్తుంది. ఆ ట్యాగ్‌ను అలాగే ఉంచి ప్రతి యాంకర్‌ను దానితో ఇలాగే సరిచేసి, బోర్డు వెనక స్కెచ్ పెన్‌తో నంబరు రాసుకోండి. తర్వాత 2 మీటర్ల దగ్గర, 8 మీటర్ల దగ్గర కూడా సరిచూడండి. 5 దగ్గర సరిగ్గా వచ్చి 2 దగ్గర తప్పితే సిగ్నల్ బలాన్ని బట్టి వచ్చే తేడాను లైబ్రరీ సవరించడం లేదని అర్థం.

యాంకర్లు ఎక్కడ బిగించాలి?

నేల మీది స్థానం చాలనుకుంటే కనీసం మూడు, నాలుగైతే హాయి. గది నాలుగు మూలల్లో, మనుషుల తలలకంటే పైన, 2.2 నుంచి 2.5 మీటర్ల ఎత్తులో, గోడకు ఒక జాన దూరంగా పెట్టండి. అన్నీ ఒకే గోడ మీద వరుసగా పెడితే వస్తువు గోడకు ఇవతల ఉందో అవతల ఉందో లెక్కకు తేలదు. వస్తువు ఎత్తు కూడా కావాలంటే అన్నీ ఒకే ఎత్తులో ఉండకూడదు. రెండు పైన, రెండు మోకాలెత్తులో ఉంచాలి.

యాంకర్ స్థానాలు 2 సెం.మీ. లోపు తెలియాలి. గది మూలలు లంబకోణంలో ఉన్నాయని నమ్మకండి, ఉండవు. 6×4 దీర్ఘచతురస్రం వేస్తే రెండు కర్ణాలూ 7.21 మీటర్లు రావాలి. ఒకటి 7.16, ఇంకోటి 7.26 వస్తే చట్రం పక్కకు వాలిందని తెలుస్తుంది.

ఎత్తును మరవకండి. యాంకర్ 2.4 మీటర్ల పైన, ట్యాగ్ 20 సెం.మీ. పైన ఉంటే ఎత్తుల తేడా 2.2 మీటర్లు. నేల మీద 3 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఏటవాలు దూరం √(3² + 2.2²), అంటే 3.72 వస్తుంది. దాన్నే నేల దూరంగా వాడితే 72 సెం.మీ. తప్పు. చాలా ప్రాజెక్టుల్లో "యూడబ్ల్యూబీ సరిగ్గా పనిచేయదు" అన్న ఫిర్యాదు వెనక ఉండేది ఈ వర్గమూలమే.

ట్యాగ్‌లు పెంచితే వేగం ఎందుకు తగ్గుతోంది?

గాలి ఒక్కటే, అందరూ వంతులవారీగా మాట్లాడాలి. డీడబ్ల్యూఎం1001 మాడ్యూల్‌తో వచ్చే ప్రోగ్రాములో సెకనుకు మొత్తం 150 స్థానాలు వస్తాయి: 15 ట్యాగ్‌లకు సెకనుకు 10 చొప్పున, లేదా 150 ట్యాగ్‌లకు ఒకటి చొప్పున. కదలకుండా ఉన్న ట్యాగ్‌ను నెమ్మదిగా అడిగేలా పెడితే బ్యాటరీ కూడా మిగులుతుంది.

బ్లూటూత్ బీకన్లు చవక కదా?

చవకే, కానీ మామూలు బీకన్ దూరాన్ని సిగ్నల్ బలంతో ఊహిస్తుంది. ఖాళీ స్థలపు లెక్కలో 6 డీబీ తగ్గితే దూరం రెట్టింపు. ఫోన్‌ను చేతిలోంచి జేబులోకి మార్చినా 6 డీబీ ఊగుతుంది. అంటే 3 మీటర్లు అని చూపితే అది 1.5 కావచ్చు, 6 కావచ్చు. "ఈ గదిలో ఉందా, పక్క గదిలో ఉందా" అన్న ప్రశ్నకు బాగా సరిపోతుంది, రోబోను నడపడానికి కాదు. బ్లూటూత్ 5.1లో వచ్చిన కోణం కొలిచే పద్ధతి మెరుగే కానీ దానికి యాంటెన్నాల వరుస ఉన్న ప్రత్యేక రిసీవర్ కావాలి.

వైఫైతో?

ఆండ్రాయిడ్ 9 నుంచి కొన్ని ఫోన్లు రూటర్‌కు ఉన్న దూరాన్ని సిగ్నల్ రాకపోక కాలంతో కొలుస్తాయి. తప్పు 1 నుంచి 2 మీటర్లు. రూటర్ కూడా ఇందుకు కావలసిన 802.11ఎంసీ ప్రమాణాన్ని అనుమతించాలి. ఇంట్లో ఉండే మామూలు రూటర్లలో చాలావాటికి అది ఉండదు.

అల్ట్రాసోనిక్ సెన్సర్లతో గది మొత్తం పట్టుకోవచ్చా?

హెచ్‌సీ-ఎస్‌ఆర్04ను రోబో మీద పెట్టి గోడ దూరం కొలవడం ఒక దారి. ఖాళీ గదిలో, గోడలకు ఎదురుగా ఉన్నప్పుడు పనిచేస్తుంది. ఏటవాలు గోడ నుంచి శబ్దం వెనక్కి రాదు, కర్టెన్ పీల్చేస్తుంది. రెండు సెన్సర్లు ఒకేసారి మోగితే ఒకదాని ప్రతిధ్వని ఇంకోటి వింటుంది, కాబట్టి ఒక్కోదానికి 60 మిల్లీసెకన్లు వదిలి వంతులవారీగా మోగించాలి. ఎకో పిన్ 5 వోల్టులు ఇస్తుంది. ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్‌కు కలిపే ముందు 1 కిలోఓమ్, 2 కిలోఓమ్ రెసిస్టర్లతో 3.3కు దించండి.

పంపేది వస్తువు మీద, వినేవి గోడల మీద ఉంచి, రేడియో సంకేతంతో కాలం సరిపోల్చుకునే పద్ధతి ఇంతకంటే చాలా మంచిది. ఎంఐటీలో చేసిన క్రికెట్ వ్యవస్థ కూడా రేడియోను, అల్ట్రాసౌండ్‌ను ఇలా జతచేసిందే. సెంటీమీటర్లలో ఫలితం వస్తుంది, కానీ ఉష్ణోగ్రత కొలవాల్సిందే. 20 డిగ్రీల దగ్గర శబ్ద వేగం సెకనుకు 343 మీటర్లు. మే నెలలో ఏసీ లేని హాలు 40 డిగ్రీలుంటే 355. పాత సంఖ్యతోనే లెక్కిస్తే 5 మీటర్లు 4.83గా కనబడుతుంది. ఒక డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్ తగిలిస్తే ఈ బాధ తీరుతుంది. సీలింగ్ ఫ్యాన్ గాలి వల్ల వచ్చే కొద్ది సెంటీమీటర్ల ఊగిసలాటకు మాత్రం ఫ్యాన్ ఆపడం తప్ప దారి లేదు.

లైడార్ (తిరుగుతూ చుట్టూ దూరాలు కొలిచే లేజర్ సెన్సర్) ఎప్పుడు తీసుకోవాలి?

గోడలకు ఏమీ తగిలించే వీల్లేనప్పుడు, రోబో గదులు మారుతూ తిరిగేటప్పుడు. ఆర్‌పీలైడార్ ఏ1 లాంటిదానితో ముందు గదిని మ్యాప్ చేసి, తర్వాత ఆ మ్యాప్‌లో స్థానం వెతుక్కుంటుంది. రాస్ 2 (రోబోల సాఫ్ట్‌వేర్ వేదిక)లో మ్యాప్‌కు స్లామ్ టూల్‌బాక్స్, స్థానానికి ఏఎంసీఎల్ అనే ప్రోగ్రాములు వాడతారు. అద్దాలు, గాజు తలుపులు, నిగనిగలాడే స్టీలు బీరువాలు దీనికి శత్రువులు. లైడార్ తిరిగే ఎత్తులో వాటిమీద కాగితపు పట్టీ అంటిస్తే చాలు. ఏ1 మామూలుగా సెకనుకు 5.5 సార్లే తిరుగుతుంది. రోబో సెకనుకు 90 డిగ్రీలు తిరిగితే ఒక్క స్కాన్ పూర్తయ్యేలోపే 16 డిగ్రీలు జరిగిపోయి మ్యాప్ చీలుతుంది. మ్యాప్ చేసేటప్పుడు నెమ్మదిగా తిప్పండి. పొడవాటి ఖాళీ వరండాలో రెండు వైపులా ఒకేలా గోడలుంటే ముందుకు ఎంత వెళ్లిందో లైడార్‌కు తెలియదు, అక్కడ చక్రాల ఎన్‌కోడరే దిక్కు.

గదిలో ఎగిరే చిన్న డ్రోన్‌కు?

కిందికి చూస్తూ నేల చిత్రం ఎంత జరిగిందో కొలిచే ఆప్టికల్ ఫ్లో సెన్సర్, దానితో ఎత్తు కొలిచే లేజర్ సెన్సర్. పీఎండబ్ల్యూ3901, వీఎల్53ఎల్1ఎక్స్ జత ఇందుకు బాగా వాడుకలో ఉంది. నేల మీద నమూనా కనబడాలి, వెలుతురుండాలి. నున్నటి తెల్ల టైల్స్ మీద డ్రోన్ పక్కకు జారిపోతుంది, ఒక గళ్ల దుప్పటి పరిస్తే నిలబడుతుంది. తిరిగే ఫ్యాన్ నీడ నేల మీద పడితే ఆ కదలికనే తన కదలిక అనుకుంటుంది.

ఇది కూడా తప్పును పేర్చుకునే పద్ధతే. ఎక్కువసేపు ఒకే చోట నిలపాలంటే వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ల కోసం చేసిన స్టీమ్‌వీఆర్ లైట్‌హౌస్ బేస్ స్టేషన్లు మంచి మధ్యే మార్గం. అవి పరారుణ లేజర్‌తో గదిని ఊడ్చినట్టు తిరుగుతాయి, డ్రోన్ మీది ఫొటోడయోడ్లు ఆ కాలాలు చూసి స్థానం లెక్కిస్తాయి. అద్దాలకు తెరలు వేయాలి, నేరు ఎండ పడనివ్వకూడదు. ఆప్టిట్రాక్, వైకాన్ లాంటి మోషన్ క్యాప్చర్ వ్యవస్థలు మిల్లీమీటరు లోపు ఇస్తాయి, ఖర్చు లక్షల్లో. మిగతా పద్ధతులకు కొలబద్దగా ల్యాబులో ఒకటుంటే మంచిది, ఒక్క ప్రాజెక్టు కోసం కొనేది కాదు.

గోడౌన్‌లో పెట్టెలకు ఆర్‌ఎఫ్‌ఐడీ (రీడర్ రేడియోతో చదివే స్టిక్కర్ ట్యాగ్) సరిపోతుందా?

"ఈ గుమ్మం దాటింది" అని తెలిస్తే చాలనుకుంటే సరిపోతుంది. పెట్టె సరిగ్గా ఎక్కడుందో అది చెప్పదు. విదేశాల నుంచి రీడర్ తెప్పించేటప్పుడు పౌనఃపున్యం చూసుకోండి. అమెరికా రీడర్లు 902–928 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి, మన దేశంలో అనుమతించింది 865 దగ్గరి పట్టీ. ఇనప డబ్బాల మీద మామూలు స్టిక్కర్ ట్యాగ్ చదవబడదు, లోహం మీద పనిచేసే ప్రత్యేక ట్యాగ్ కావాలి.

రోబో ఎటు తిరిగి ఉందో తెలియడానికి కంపాస్ చిప్ పెట్టొచ్చా?

గదిలో వద్దు. స్లాబులోని ఇనప ఊచలు, మోటార్ల అయస్కాంతాలు దాన్ని అడుగడుగునా వేరే వైపుకు లాగుతాయి. కెమెరా ట్యాగ్ అయితే దిశ దానంతట అదే వస్తుంది. యూడబ్ల్యూబీ అయితే రోబో ముందు ఒకటి, వెనక ఒకటి ట్యాగ్ పెట్టవచ్చు కానీ మధ్య దూరం 30 సెం.మీ. ఉండి ఒక్కోదానిలో 10 సెం.మీ. తప్పుంటే దిశ 25 డిగ్రీల పైనే ఊగుతుంది. జైరో తీసుకుని, రోబో ముందుకు కదిలినప్పుడు స్థానాల వరుస చూపే దిశతో దాన్ని సరిచేయడం నయం.

రెండు సెన్సర్లను కలపడం ఎలా? సగటు తీస్తే చాలదా?

చాలదు. సెకనుకు 10 రీడింగుల్లో చివరి పదింటి సగటు తీస్తే ఫలితం 0.45 సెకను వెనకబడుతుంది. అర మీటరు వేగంలో అది 22 సెం.మీ. సగటు గీత నున్నగా కనబడుతుంది కాబట్టి మోసపోతారు. చక్రాలు, జైరోతో ముందుకు అంచనా వేసి, కెమెరా లేదా యూడబ్ల్యూబీ రీడింగ్ వచ్చినప్పుడల్లా సరిచేసే కాల్మన్ ఫిల్టర్ వాడండి. రాస్‌లో రోబో లోకలైజేషన్ ప్యాకేజీ ఈ పని చేస్తుంది.

దానికి ముందు ఒక కాపలా ఉండాలి. రోబో గరిష్ఠ వేగంతో ఆ వ్యవధిలో వెళ్లగల దూరానికి సెన్సర్ తప్పుకు మూడు రెట్లు కలపండి. 0.5 మీటరు వేగం, 0.1 సెకను, 10 సెం.మీ. తప్పు అయితే 35 సెం.మీ. అంతకు మించి దూకిన రీడింగును తీసుకోవద్దు. వరుసగా పది అలాగే వస్తే మాత్రం ఎవరో రోబోను ఎత్తి వేరేచోట పెట్టారన్నమాట, అప్పుడు ఒప్పుకోవాలి.

కాలముద్రను చిత్రం తీసిన క్షణానికి వేయండి, లెక్క పూర్తయిన క్షణానికి కాదు. కెమెరా ఆలస్యం కొలవడానికి తెరమీద మిల్లీసెకన్ల గడియారం నడిపి, కెమెరాను దానివైపు తిప్పి, ఆ చిత్రాన్ని అదే తెరమీద పక్కన చూపించండి. రెండూ పడేలా ఫోన్‌తో ఫొటో తీస్తే రెండు గడియారాల తేడాయే మొత్తం ఆలస్యం. అందులో తెర ఆలస్యం కూడా కలిసి ఉంటుంది, కాబట్టి దీన్ని పైహద్దుగా తీసుకోండి.

పెట్టిన వ్యవస్థ ఎంత సరిగ్గా ఉందో ఎలా తేల్చాలి?

నేల మీద తొమ్మిది చోట్ల మాస్కింగ్ టేపుతో గుర్తులు పెట్టండి. మూలలు, గోడ పక్కలు తప్పక ఉండాలి, తప్పులు బయటపడేది అక్కడే. ప్రతి గుర్తు మీదా వస్తువును 30 సెకన్లు ఉంచి రీడింగులు రాసుకోండి. సగటు గుర్తుకు ఎంత దూరంలో పడిందో, రీడింగులు తమలో తాము ఎంత చెదిరాయో వేర్వేరుగా చూడండి. మొదటిది ఎక్కువైతే కాలిబ్రేషనో, యాంకర్ కొలతో తప్పు. రెండోది ఎక్కువైతే వెలుతురు, సిగ్నల్, ఫిల్టర్ వైపు వెతకాలి.

తర్వాత అదే దారిలో ముందుకూ వెనక్కూ నడపండి. రెండు గీతలూ వేగం ఉన్న దిశలో ఒకదానికొకటి జరిగి కనబడితే అది ఆలస్యం, స్థానం తప్పు కాదు. చివరగా గదిలో ఇద్దరు ముగ్గురిని అటూ ఇటూ తిరగమని మళ్లీ కొలవండి. రిపోర్టులో సగటు తప్పు కాకుండా వందలో 95 రీడింగులు ఎంత లోపు వచ్చాయో రాయండి. రోబో గోడకు గుద్దుకునేది మిగిలిన ఆ ఐదింటి వల్లే.